కోర్మోన్సు పట్టణమున రెండు దినములు

ఇటలీ దేశమునకు ఈశాన్యపు మూలను త్రియెస్తె యను రేవుపట్టణము కలదు. అబ్దుస్ సలామ్ అను భౌతికశాస్త్రవేత్త 1964వ సంవత్సరమున అచ్చట నొక అంతర్జాతీయ శాస్త్రకేంద్రమును నెలకొల్పిన నాటినుండి మన దేశపు పండితులును విద్యార్థులును అక్కడికి పోవుచునే యున్నారు. మా అమ్మాయియు నట్లే పోయినది. 2025 సెప్టెంబరు నెలలో నేను దానిని చూచుటకై వెళ్లి, పది దినములు సముద్రమును చూచి, దానికి కావలసిన పొడులును పచ్చళ్లును చేసిపెట్టి, యిక తిరుగు ప్రయాణమునకు పెట్టె సర్దుకొనుచుండగా, “అమ్మా, రెండు రోజులు కోర్మోన్సు పోయి వద్దాం. సరిహద్దులో చిన్న ఊరు. తిండికీ వైనుకూ పేరు” అని అమ్మాయి యనెను.

తిండి యన్నమాట బాగుగనే యున్నది. రెండవమాట నాకు రుచింపలేదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో మా జిల్లాలోని దూబగుంట గ్రామమున, రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనుచున్న స్త్రీలు సారాయంగడిని మూయించిన సంగతి సోదరీమణులలో పెక్కురకు జ్ఞాపక ముండును. ఆ నిప్పు ఊరూరను రాజుకొనగా, 1993 అక్టోబరులో సారాయికిని, 1995 జనవరిలో సమస్త మద్యములకును నిషేధము వచ్చినది. రెండవది రెండేండ్లు దాటగానే సడలిపోయినది. మా ఊర సారాపొట్లములను నడివీథిలో కుప్పపోసి తగులబెట్టిన యాడువారిలో మా అమ్మ యొకతె. మా పెదనాన్న త్రాగి త్రాగి రెండెకరముల మాగాణి పోగొట్టుకొనుట చూచి పెరిగినదానను నేను. అట్టి యింటి యాడది ద్రాక్షసారాయమునకు పేరుపడిన యూరికి వినోదమునకై పోవుటా?

“తాగమని ఎవరన్నారమ్మా? చూసి వద్దాం. అమ్మమ్మతో చెప్పబోకు” అని అమ్మాయి నవ్వెను. చెప్పకుండుట నాకు చేతగాదు గాని, చూచుటకు పోయితిమి.

త్రియెస్తెనుండి గంటసేపటి రైలు ప్రయాణము. కొంతదూరము ఎడమచేతివైపున సముద్రము కనబడుచుండును. తరువాత బండి లోపలికి తిరిగి గొరీత్సియా యను పట్టణము దాటి కోర్మోన్సు చేరును. ఊరి జనము సుమారు ఏడువేలు. వెనుక క్వారీను అను గుట్ట, దానిమీద పాడుపడిన కోట, గుట్ట చుట్టును మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు. ఇంత చిన్న యూరికి ఆ రైలుస్టేషను పెద్దదిగా నాకు తోచినది. కారణ మడుగగా తెలిసినదేమనగా, 1866లో ఆస్ట్రియాకును ఇటలీకిని జరిగిన యుద్ధము ముగిసినప్పుడు, ఆ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన యుద్ధవిరమణ పత్రముపై చేవ్రాళ్లు చేసినది ఈ యూరనేనట. ఊరికి పడమట పారు యూద్రియో యను చిన్న యేరు సరిహద్దైనది. ఏటి కీవల ఆస్ట్రియా, ఆవల ఇటలీ. కనుక ఆస్ట్రియావారి రైలు ఆగి, సామానులు సోదా చేయు స్టేషను ఇదే యయ్యెను.

అంతటితో సరిపోలేదు. 1915 మే నెలలో ఇటలీ సైన్యము వచ్చెను. 1917 శరత్కాలమున ఆస్ట్రియావారు మరల వచ్చిరి. 1918 నవంబరులో ఇటలీవారు మరల వచ్చిరి. 1943లో ఈ ప్రాంతమంతయు జర్మనుల చేతిలో పడెను. 1945లో యుద్ధము ముగియు దినములలో యుగోస్లావియా సైనికులును, వారి వెనుక ఇంగ్లీషు అమెరికను సేనాధికారులును వచ్చిరి. 1947 సెప్టెంబరులో ఒడంబడిక యమలులోనికి రాగా, ఈసారి గీత ఊరికి పడమట గాక తూర్పుదిక్కున పడినది. 1900 సంవత్సరమున ఈ యూర పుట్టిన యొక యాడుపిల్ల తన పెరటిబావిని విడిచి యెక్కడికిని పోకయే, నలుబదియేడవయేడు వచ్చులోపల ఇన్ని ప్రభుత్వములను చూచెనన్నమాట.

ఊరి నడుమనున్న చౌకులో మాక్సిమిలియను చక్రవర్తి కంచువిగ్రహము కలదు. 1500వ సంవత్సరమున ఈ సీమ ఆస్ట్రియా వంశమువారికి వచ్చినది ఆయన కాలముననే. విగ్రహమును ఆస్ట్రియావారు నిలిపిరి, ఇటలీవారు వచ్చినపిమ్మట తీసివేసిరి, చాలకాలమునకు వారే మరల తెచ్చి నిలువబెట్టిరి. చక్రవర్తిమీద ప్రేమచేత గాక, ఆ కాలపు సంగతి దాచిపెట్టవలసినది గాదనియే అట్లు చేసియుందురని నే ననుకొంటిని. ఆ చౌకు ప్రక్కనే కూరగాయ లమ్ము నొక యావిడ, ముందువచ్చిన ముసలమ్మతో ఫ్రియూలి భాషలోను, ఆమె వెనుకనున్న పడుచుతో స్లొవేను భాషలోను, మాతో ఇటలీ భాషలోను మాటలాడుచు, మూడు భాషలలోను టమాటోల ధర ఒకటే చెప్పెను.

మేము దిగిన యిల్లు తోటల నంచున నున్నది. ఇంటియామె అరువదియేడేండ్ల వితంతువు. పై గదులు రెండు బాటసారులకు అద్దెకిచ్చి, వారికి తానే వండిపెట్టును. నేను మాంసము ముట్టనని అమ్మాయి ముందుగానే వ్రాసియుండెను. ఆ సీమలో అది చిన్న చిక్కు గాదు. చెర్రీకట్టెల పొగపెట్టి ఆరవేసిన పందితొడమాంసమునకు ఆ యూరు పెట్టినది పేరు. హంగేరీనుండి వచ్చిన గూలాషు అను మాంసపు పులుసు లేనిదే ఆదివారము గడవదట. ఇంటియామె మాత్రము ఇసుమంతయు విసుగుకొనక, “మా అమ్మమ్మ నాట మాంసము పండుగకే గదా, నిత్యము తినిన వంటలు మీకు వండెదను” అనెను. ఆమె మాటలను అమ్మాయి నాకు తెనిగించుచుండెను.

ఆమె వంటపుస్తకము చూడదగినది. మూడుతరముల వ్రాత. పాత పుటలు జర్మను లిపిలో నున్నవి, నడిమివి స్లొవేను భాషలో, చివరివి ఇటలీ భాషలో. వెన్న మరకలు మాత్రము అన్ని పుటలకును సమానమే.

ఆ మధ్యాహ్నము ఆమె చేసిన ఆల్బుఖారా ఉండలను గూర్చి వ్రాయకుండ నుండలేను. ఉడికిన బంగాళాదుంపలను వేడిమీదనే చిదిపి, గోధుమపిండియు నొక గ్రుడ్డును వేసి మెత్తగా కలుపును. ఆల్బుఖారా పండును చీల్చి, గింజ తీసి, గింజ యున్నచోట చక్కెరబిళ్ల నొకదాని నుంచి మూసి, దానిచుట్టును ఆ పిండిని మన పూర్ణపుబూరెకు తోపు పట్టించినట్లు పట్టించును. ఆ యుండలను కాగుచున్న నీళ్లలో విడువగా, ఉడికి పైకి తేలును. వెన్నలో ఎఱ్ఱగా వేచిన రొట్టెపొడియు, దాల్చినచెక్కపొడియు, చక్కెరయు కలిపి అందులో పొర్లించి వేడిగా వడ్డించును. ఉండను విప్పగానే చక్కెర కరగిన యెఱ్ఱని రసము పళ్లెరములోనికి జారును. తీపియు పులుపును దాల్చినవాసనయు కలిసిన యా రుచి నేనింతవరకు ఎరుగనిది. అన్నిటికంటె వింత యేమనగా, దీనిని భోజనాంతమున గాక మొదటనే తిందురు. ఇటలీలో తక్కినచోట్ల దీనికి నవ్వుదురట. మన యిండ్లలో విస్తరిలో మొదట తీపివడ్డించుట ఆచారమని నేను చెప్పగా ఇంటియామె బల్లమీద చేయి చఱచి, “చూచితివా, సముద్రమునకు ఆవలనున్నవారికి తెలిసినది, రోముననున్నవారికి తెలియదు” అని మా అమ్మాయితో ననెను.

రాత్రికి ఫ్రీకో అను వంటకము. మొంతాజియో యను జున్నును తురిమి, బంగాళాదుంపయు నుల్లిపాయయు చేర్చి, మూకుడులో మందముగా అట్టువలె పోసి, రెండుప్రక్కలను ఎఱ్ఱగా కాల్చుదురు. అంచులు మన దిబ్బరొట్టె అంచులవలె కరకరలాడును. నేను రెండు ముక్కలు తిని, పాలను విఱచుటకు మీరు నిమ్మరసము వాడుదురా, పుల్లమజ్జిగయా యని కుతూహలముతో నడిగితిని. అదియు కాదు, ఇదియు కాదు. పాలుత్రాగు లేగదూడ పొట్టలోనుండి తీసిన రసముతో తోడువేయుదురట! మూడవ ముక్క పళ్లెరములోనే యుండిపోయినది. ఇంటియామె ముఖము చిన్నబుచ్చుకొన్నది. తప్పు ఆమెది కాదు. మాంసము తిననన్నవారికి జున్ను కూడదని ఆమెకెట్లు తెలియును? అట్టి తోడు లేకుండ చేయు జున్నులు వేరుగ నున్నవనియు, అంగడిలో అడిగి తీసికొనవలెననియు అమ్మాయి చెప్పెను. పరదేశమునకు పోవు శాకాహారులైన సోదరీమణులు ఈ సంగతి నెరిగియుందురు గాక.

మొక్కజొన్నపిండితో చేయు పొలెంతా మాత్రము నిర్భయముగా తినవచ్చును. అది మన సంకటికి తోబుట్టువు. రాగిబానలో కట్టెగరిటెతో నలుబది నిమిషములు కలియబెట్టుచునే యుండవలెను. పందొమ్మిదవ శతాబ్దమున ఈ సీమలోని పేదలు దీనినే మూడుపూటలను తిని, పాలును కూరయు లేక పెల్లాగ్రా యను వ్యాధిచే చర్మము పగిలి, మతి చలించి చచ్చిరి. జొన్నలే ముఖ్యాహారముగానున్న మన దక్కను పల్లెలలోను ఆ వ్యాధి యుండినదే. హైదరాబాదు నందలి పోషకాహార పరిశోధకులు 1960 ప్రాంతమున దానికి కారణములు వెదకిరి. ఇప్పుడు ఈ యూరి భోజనశాలలలో పొలెంతా వెలగల వంటకము. పేదతిండి దొరతిండియగుట అన్ని దేశములను జరుగుచునే యున్నది.

సాయంకాలము తోటలలోనికి పోయితిమి. ఆ కొండలను ఇటలీవారు కొల్లియో యందురు, అవతలివారు బ్రదా యందురు. రెంటికిని అర్థము కొండలనియే. మన్ను బూడిదరంగు. పోంకా యని దానిపేరు. ఒకానొక కాలమున సముద్రపు టడుగున పొరలుపొరలుగా పేరుకొన్న మట్టియు నిసుకరాయియు నట. చేతితో నలిపిన పెళ్లలుగా విడిపోవును. వాన కురియగా జారిపోవును గనుక మెట్లు కట్టి నిలుపవలెను. కోతకాలము గనుక మగవారు నాడువారు చిన్నకత్తెరలతో గుత్తులు కత్తిరించి తొట్టెలలో వేయుచుండిరి. నడుము వంచి చేయు పని, మన నాట్లవలెనే.

ద్రాక్షలలో ముఖ్యమైన దానిని తరతరములుగా తొకాయ్ అని పిలుచుచుండిరి. హంగేరీలో తొకాయ్ అను సీమ కలదు. పేరు మాది యని వారు తగవు పెట్టగా, 1993 నాటి ఒప్పందము ననుసరించి 2007 తరువాత ఇటలీవారు ఆ పేరు సీసాలపై వ్రాయుట చెల్లకపోయెను. ఇప్పుడు ఫ్రియులానో యందురు. పెద్దవారు మాత్రము పాతపేరే పలుకుదురు. రిబొల్లా యనునది మరియొకటి. గొరీత్సియా పట్టణమున కానుకొనియున్న ఓస్లావియా గ్రామమున దాని రసమును తొక్కలతోకూడ వారములు నెలలు నాననిచ్చి, చింతపండురంగుకు తెత్తురు. ఆ ఓస్లావియాయే 1915 మొదలు 1917 వరకు జరిగిన యుద్ధములలో మట్టిలో కలిసిన యూరు. ఏబదివేలకు పైబడిన సైనికుల యెముకలను అచ్చట నొక గోపురములో భద్రపరచియున్నారు. వారిలో పెక్కండ్ర పేరులు తెలియవు. దాని చుట్టును ఇప్పుడు ద్రాక్షతీగెలే.

కోర్మోన్సు రైతుల సహకార సంఘమువారు గత శతాబ్దపు టెనుబదులలో, ప్రపంచపు నలుమూలలనుండి కొన్నివందల జాతుల ద్రాక్షలను తెప్పించి యొకే తోటలో నాటిరి. అన్నింటి రసమును కలిపి చేసినదానికి శాంతిమద్యమని పేరుపెట్టి, పేరుపడిన చిత్రకారులచే చీటీలు వ్రాయించి, దేశాధిపతులకును మతాధిపతులకును సీసాలు పంపుచు వచ్చిరి. పుచ్చుకొన్నవారు యుద్ధములు మానిరని మాత్రము నేను వినలేదు.

త్రోవలో నొక యింటి గుమ్మమునకు ఆకులకొమ్మ వ్రేలాడుచుండెను. మామిడితోరణమువంటి శుభచిహ్న మనుకొంటిని. కాదు, ఈ యింట ఇంటిసారాయము అమ్మబడునని గురుతు. 1784లో యోసేపు చక్రవర్తి, రైతులు తమ తోటలో పండినదానిని తమ యింటనే అమ్ముకొనవచ్చునని యనుజ్ఞ యిచ్చెనట. ఎనిమిది దినములు తెరచియుంచు నాచారమునుబట్టి కొన్నిచోట్ల ఇట్టి యిండ్లకు ఎనిమిది యను అర్థమిచ్చు స్లొవేను మాటతోనే పేరువచ్చినది. లోపల బల్లలచుట్టును కుటుంబములు కూర్చుండి యుండెను. తాతలు, కోడండ్రు, పిల్లలు. రొట్టె, ఉడికిన గ్రుడ్లు, చిన్నగ్లాసులు. ఎవరును కేకలు వేయుటలేదు. నేను వెదకినది అదియే యని యొప్పుకొనవలెను. తూలువాని కొఱకు నా కన్నులు వెదకినవి.

రాత్రి భోజనమైన తరువాత ఇంటియామెతో ఈ మాట యంటిని. మా నెల్లూరి సంగతియు, మా అమ్మ సంగతియు చెప్పితిని. మీవారు సారాయి యెప్పుడు త్రాగుదు రని యామె యడిగెను. కూలిడబ్బు చేతిలో పడగానే, పరగడుపున, నిలువుకాళ్లమీద త్రాగెడివారని చెప్పితిని. ఆమె చాలసేపు ఊరకుండెను.

“బల్లమీద కనబడినదంతయు నిజమని తలపకుడు. అన్నముతో త్రాగువారు కొందరు, అన్నమునకు బదులుగా త్రాగువారు కొందరు. మా తాతకు తెల్లవారకముందే గ్రాప్పా కావలెను. అది పిప్పినుండి దించు సారాయి. మీ దానికంటె తక్కువది కాదు. తోట తాకట్టు పడినది. పన్నులు పెరిగినవి. అప్పు తీర్చినది మా అమ్మమ్మ. పాలమ్మి తీర్చినది” అనెను.

పాడి చేసికొని గడుపుకొనిరి గాబోలు, మన నాటను ఎందరో స్త్రీలు చేయునదే యని నేనంటిని.

“ఆవుపాలు గావు” అనెను. తరువాత దీపము తగ్గించుచు, “రేపు మీరు గొరీత్సియా పోవుచున్నారు గదా. అవతల ప్ర్వాచినా యను పల్లె కలదు. అది చూచివచ్చిన పిమ్మట తక్కినది చెప్పెదను” అని లేచెను.

మరునాడు రైలెక్కి పది పదునైదు నిమిషములలో గొరీత్సియా చేరితిమి. 1001వ సంవత్సరపు పత్రములోనే ఈ యూరిపేరు స్లావుల మాటయని వ్రాసియున్నదట. చిన్నకొండ యని దాని యర్థము. 1947 గీత ఈ పట్టణమును కోసిన తీరు వినినచో నవ్వు నేడుపును గలుగును. ఊరు ఇటలీకి వచ్చెను. 1906లో కట్టిన పెద్ద రైలుస్టేషను యుగోస్లావియాకు పోయెను. స్టేషనుముందరి చౌకు నడుమ ముళ్లకంచె నిలిచెను. ఊరు లేని స్టేషనువారు 1948లో ప్రక్కనే నోవా గోరిత్సా, అనగా క్రొత్త గోరిత్సా, యను ఊరు కట్టుటకు మొదలుపెట్టిరి. మీరెను అను పల్లెలో గీత శ్మశానముగుండ పోయెను. 1975లో సరిదిద్దువరకు అచ్చటి సమాధులు కొన్ని రెండు రాజ్యములలో నుండినవి. చౌకులోని కంచె 2004లో తీసివేయబడెను. 2007 డిసెంబరు 21వ తేదీనుండి సరిహద్దున తనిఖీలు లేకపోయెను. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు మూడునెలలు మరల కంచె వేసిరి. బంధువులు వలకు ఇటునటు నిలిచి మాటలాడుకొనిరట. 2023 అక్టోబరులో ఇటలీవారు తనిఖీలు మరల పెట్టిరి గాని, మేము పోయిననాడు మమ్ము నెవరు నేమియు నడుగలేదు. 2025లో ఈ రెండూళ్లు కలసి ఐరోపా సంస్కృతి రాజధానిగా పేరుపొందియుండుటచే ఎక్కడ చూచినను జెండాలే. చౌకు నడుమ నేలలో నొక గుండ్రని పలక పొదిగియున్నది. దానిమీద ఒక పాదము ఇటు, ఒక పాదము అటు పెట్టి అందరును ఫోటోలు తీయించుకొనుచుందురు. నేనును తీయించుకొంటిని, సిగ్గుపడనేల?

ఆ స్టేషనులోనే చిన్నరైలెక్కి ప్ర్వాచినాలో దిగితిమి. అమ్మాయి ముందుగా వ్రాసి యుండుటచే ఆ పల్లెలోని చిన్న ప్రదర్శనశాల మాకొఱకు తెరచిరి. అలెక్సాండ్రియా స్త్రీల ప్రదర్శనశాల యది. 1869లో సూయెజు కాలువ తెరచినపిమ్మట ఈజిప్టులోని అలెక్సాండ్రియా, కైరో నగరములలో ధనికులు పెరిగిరి. వారి యిండ్లకు దాదులు కావలసివచ్చిరి. ఈ లోయలోని పల్లెలనుండి వేలకొలది స్త్రీలు త్రియెస్తె రేవున ఓడ యెక్కి పోయిరి. వంటకు, కుట్టుపనికి, పిల్లలను చూచుటకు కొందరు. అధికజీతము పాలిచ్చు దాదికి. పాలిచ్చు దాది కావలెనన్న, బిడ్డ పుట్టిన క్రొత్తలోనే పోవలెను. కన్నబిడ్డను అత్తచేతిలోనో అక్కచేతిలోనో పెట్టి, చేపుచున్న రొమ్ములతో ఓడయెక్కి, మరియొకరి బిడ్డకు పాలిచ్చుట. ఆ జీతముతో ఊర తాకట్టు విడిపించిరి, పైకప్పులు వేయించిరి. మొదటి యుద్ధమునకు పిమ్మట ఇటలీ యేలుబడిలో స్లొవేనుల పిల్లలకు బడిలో తమ భాష లేకుండపోయి, రైతులకు అప్పులు పెరిగినప్పుడు మరింతమంది పోయిరి. ఊరివారేమో ఆ డబ్బు వాడుకొనుచునే, అక్కడ వారు చేయు పనినిగూర్చి గుసగుసలాడిరి. అందుచే తిరిగివచ్చినవారు నోరు విప్పలేదు. ఈ కథ బయటికి వచ్చుటకు చాలకాలము పట్టినది.

అద్దాల పెట్టెలలో పట్టుగౌనులు, తెల్లని చేతిరుమాళ్లు, ఓడపెట్టెలు, ఉత్తరములు. ఒక ఫోటోలో దాది యొడిలో ఎవరిదో బొద్దుపాప. ఫోటోను ఇంటికి పంపుకొన్నది. ఇంటిలో ఆ ఫోటోను చూచినవారిలో ఆమె కన్నబిడ్డయు నుండియుండును గదా. మేమిద్దరమును అక్కడ ఎక్కువ మాటలాడలేదు. నేను త్రియెస్తెకు వచ్చుటకు విమానము చాలినది. అమ్మాయిని చూచుటకు రెండేండ్లే ఆగితిని. అదియే నాకు దీర్ఘకాలమైనదని యేడ్చినదానను.

సాయంకాలము కోర్మోన్సు చేరునప్పటికి ఇంటియామె గుబానా యను తీపిరొట్టె కోసి యుంచెను. పులియబెట్టిన పిండిని పలుచగా సాగదీసి, అక్రోటుకాయలు కిస్మిసులు పరచి, చుట్టి, నత్తగుల్లవలె మడిచి కాల్చినది. స్లొవేను భాషలో గుబ యనగా మడత. దీనిమీద ఆల్బుఖారాసారాయి పోసికొని తిందురు. నాకు వట్టిదే పెట్టి, తక్కిన కథ చెప్పెను.

ఆమె యమ్మమ్మ 1930లో నాలుగునెలల యాడుపిల్లను గొరీత్సియాలోనున్న తన యక్కకు అప్పగించి అలెక్సాండ్రియా పోయినది. ఎనిమిదేండ్లు. తోట విడిపించుకొని తిరిగి వచ్చునప్పటికి బిడ్డ పెద్దమ్మ కుచ్చిళ్ల వెనుక దాగుకొని, ఈమె యెవరని యడిగినదట. పల్లెకు వచ్చెదవా యనిన రాలేదు. బడి గొరీత్సియాలోనే గనుక సరే, పెద్దయైన పిమ్మట వచ్చునులే యని తల్లి యూరకున్నది. వారానికొకమారు పోయి చూచెడిది. అంతలో యుద్ధము, అంతలో 1947. పల్లె యుగోస్లావియాలోను, కూతురు ఇటలీలోను పడిరి. ఓడ మీద ఎనిమిదేండ్లు. ఇప్పుడు రెండు కోసుల దూరమునకు మూడేండ్లు.

1950 ఆగస్టు 13వ తేదీ ఆదివారము. అవతలి జనము బంధువులను చూడనిండని సరిహద్దుకడకు వేలకొలదిగా వచ్చి, కావలివారిని త్రోసికొని గొరీత్సియాలో ప్రవేశించిరి. ఇది చరిత్రలో నున్న సంగతియే. చీపుళ్ల ఆదివారమని దానికి పేరు. ఆదివారమైనను అంగళ్లు తెరచిరి. మూడేండ్లుగా అవతల దొరకని సామానులు కొనుక్కొనిరి. అన్నిటికంటె ఎక్కువగా చీపుళ్లు. సాయంకాలమునకు చంకలో చీపురు పెట్టుకొని అందరును తిరిగిపోయిరి.

“మా అమ్మమ్మయు వచ్చినది. మా అమ్మకు అప్పటికి ఇరువదియేండ్లు. తలుపు తీసి చూచి, ఈసారి ఎవరని యడుగలేదు, అమ్మా యన్నది. ఇద్దరును రెండుగంటలు కూర్చుండి ఆల్బుఖారా ఉండలు చేసికొని తినిరి. అమ్మమ్మ పోవుచు పోవుచు వీథిచివరి యంగడిలో చీపురు కొనుక్కొని పోయినది” అని ఇంటియామె చెప్పెను. 1955లో రాకపోకలకు స్థానికులకు చీటీలు ఇచ్చువరకు వారు మరల కలిసికొనలేదు. పిమ్మట మాత్రము అమ్మమ్మ నెలకొకసారి వచ్చి, పోవునప్పుడు కాఫీగింజలు లోపలిలంగా కుట్లలో దాచుకొని పోయెడిదట. అవతల కాఫీకి కరవు. ఈ దొంగకాఫీల సంగతులకు ఇప్పుడు సరిహద్దులో నొక ప్రదర్శనశాలయే యున్నది.

తాకట్టు విడిన తోట యేమైన దని యడిగితిని. అవతల నున్నదట. పినతండ్రి మనుమడు చేయుచున్నాడు. నిన్న మా బల్లమీద వారు త్రాగినది ఆ తోటదేనట.

మరునాటి యుదయమున బయలుదేరునప్పుడు ఆమె నాకొక సీసా నిచ్చెను. వలదందును గదా యని, “ఇది పులిసినది, సిర్కా, మీ యమ్మగారి పచ్చడికి” అని నవ్వెను.

నెల్లూరు చేరిన తరువాత సీసాయు, కథయు రెండును మా అమ్మ ముందు పెట్టితిని. దాచవలె ననుకొన్నది దాచలేకపోయితిని. ఆమె మూత తీసి వాసన చూచి, మూతవేసి, అలమారులో ఊరగాయ జాడీల ప్రక్కన పెట్టినది. కథ చివరివరకు నడుమ నడుగకుండ విన్నది. కొంతసేపటికి, “ఆ చీపురు ఎన్నాళ్లు వచ్చిందో అడిగినావా?” అనెను.

అడుగలేదు.